వేలిముద్ర సాక్ష్యమా, తాళంచెవియా? రైతు డిజిటల్ భద్రతలో విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

సారాంశం

ఎరువుల దుకాణం నుంచి బ్యాంకు సేవల వరకు నేడు రైతు గుర్తింపునకు వేలిముద్రే ప్రధానాధారం. శతాబ్దానికి పైగా దస్తావేజులపై బహిరంగ సాక్ష్యంగా నిలిచిన ఈ ముద్ర, ఆధార్ ఆధారిత చెల్లింపుల రాకతో బ్యాంకు ఖాతాను తెరిచే రహస్య సాధనంగా కూడా మారింది. ఒకే వస్తువు బహిరంగ సాక్ష్యంగానూ, రహస్యమైన తాళంచెవిగానూ ఉండటంలోని వైరుధ్యమే ఈ వ్యవస్థలోని మౌలిక బలహీనత. వేలిముద్రలను సరిపోల్చే విధానం, అందులోని లోపం, ఇటీవలి సాంకేతిక, చట్టపరమైన సవరణలు, రైతుల నమోదులోనూ క్షేత్ర పరిశోధనలోనూ విస్తరణ సిబ్బంది, విద్యార్థులు పాటించవలసిన జాగ్రత్తలు ఈ వ్యాసంలో చర్చించబడ్డాయి.

ఉపోద్ఘాతం

ఖరీఫ్ ఆరంభంలో యూరియా కోసం ఎరువుల దుకాణానికి వెళ్లిన రైతు సాధారణంగా ముందు ఈ-పాస్ యంత్రంపై వేలు ఉంచుతాడు. ఎరువుల రాయితీని అమ్మకాల ఆధారంగా కంపెనీలకు చెల్లించే విధానం 2018 మార్చి నాటికి దేశమంతటా అమలులోకి వచ్చినప్పటి నుంచి ఇది ప్రతి పల్లెలో కనిపించే దృశ్యమే. చౌకధరల దుకాణంలో బియ్యానికి మళ్లీ వేలిముద్ర. పీఎం-కిసాన్ పథకంలో గుర్తింపు ధ్రువీకరణకు ఇంకోసారి. ఆ పథకం కింద ఖాతాలో జమయిన రెండు వేల రూపాయలను ఊళ్లోని బ్యాంకు మిత్ర వద్ద తీసుకోవాలన్నా వేలిముద్రే. ఒక పంటకాలంలో ఒక రైతు ఎన్ని యంత్రాలపై, ఎందరి చేతుల్లోని పరికరాలపై వేలు ఉంచుతున్నాడో లెక్కించినవారు అరుదు.

ఈ సౌకర్యం వల్ల కలిగిన మేలు తక్కువది కాదు. బ్యాంకు శాఖ లేని గ్రామంలో, అక్షరజ్ఞానం లేని వృద్ధురాలు సైతం పది కిలోమీటర్లు ప్రయాణించకుండానే తన పింఛను సొమ్ము అందుకోగలుగుతోంది. అయితే ఏ వేలు సొమ్మును రైతు చేతికి అందిస్తోందో, ఆ వేలి ప్రతిరూపమే అదే సొమ్మును అపహరించగలదని గత కొన్నేళ్ల అనుభవం రుజువు చేసింది. ఈ ప్రమాదాన్ని పోలీసు శాఖకో, బ్యాంకులకో సంబంధించిన విషయంగా భావించి వ్యవసాయ శాస్త్రవేత్తలు పక్కన పెట్టే వీలు లేదు. రైతుల నమోదులోనూ, సర్వేలలోనూ ఈ సమాచారాన్ని చేతితో తాకుతున్నది వారే.

సాక్ష్యం నుంచి తాళంచెవి వరకు

వేలిముద్రను గుర్తింపునకు వాడటంలో భారతదేశానికి విశిష్ట స్థానం ఉంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి, రోడ్డు సామగ్రి సరఫరాకు రాజ్యధర్ కొనాయ్‌తో కుదుర్చుకున్న ఒప్పందంపై అతని అరచేతి ముద్ర తీసుకున్నాడు. ఒప్పందాన్ని తరువాత కాదనకుండా కట్టుబడేలా చేయడమే అప్పటి ఉద్దేశం. 1877లో హుగ్లీలో అదే అధికారి పింఛన్లకు, దస్తావేజుల రిజిస్ట్రేషన్‌కు వేలిముద్రలను ప్రవేశపెట్టాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో ప్రపంచమంతటా వ్యాపించిన వర్గీకరణ పద్ధతి వెనుక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగుల కృషి ఉంది.

ఈ చరిత్రలో గమనించవలసిన అంశం ఒకటుంది. నాటి వేలిముద్ర ఒక సాక్ష్యం. సాక్ష్యానికి గోప్యత అవసరం లేదు. నిజానికి పదిమందికీ కనబడటమే దాని ప్రయోజనం. నిశాని వేసిన కాగితాన్ని ఎవరైనా చూడవచ్చు. వివాదం తలెత్తితే న్యాయస్థానంలో ఆ ముద్రను, మనిషి వేలిని పక్కపక్కన పెట్టి నిపుణుడు పరిశీలిస్తాడు. ఈ భావన ఆధారంగానే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానికి 2001లో 32-ఏ సెక్షన్ చేర్చి, రిజిస్ట్రేషన్‌కు వచ్చే దస్తావేజులపై ఛాయాచిత్రంతో పాటు వేలిముద్రలను తప్పనిసరి చేశారు. నకిలీ వ్యక్తులు భూములను అమ్మకుండా ఇది ఒక రక్షణ.

2010 సెప్టెంబరులో మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా టెంభ్లీ గ్రామంలో తొలి ఆధార్ సంఖ్యల జారీతో కొత్త దశ మొదలైంది. పది వేళ్ల ముద్రలు, రెండు కంటిపాపల చిత్రాలు, ముఖచిత్రం కేంద్రీకృత భాండాగారంలో చేరాయి. వాటి ఆధారంగా నిర్మితమైన ఆధార్ ఆధారిత చెల్లింపుల వ్యవస్థలో, అంటే ఏఈపీఎస్‌లో, వేలిముద్ర పాత్ర పూర్తిగా మారిపోయింది. ఇక్కడ అది ఖాతాను తెరిచే తాళంచెవి. తాళంచెవికి ఉండవలసిన మొదటి లక్షణం గోప్యత. రెండవది, పోయినప్పుడు మార్చుకోగలగడం. వేలిముద్రకు ఈ రెండూ లేవు. మనిషి తాకిన ప్రతి గాజు గ్లాసుపైనా అది మిగిలిపోతుంది; జీవితాంతం మారదు.

వేలిముద్రలను యంత్రం సరిపోల్చే విధానం

యంత్రం వేలిముద్రను మనిషి చూసినట్లు బొమ్మగా చూడదు. వేలి చర్మంపై ఉండే గీతలు కొన్నిచోట్ల అంతమవుతాయి. కొన్నిచోట్ల రెండుగా చీలుతాయి. ఈ సూక్ష్మబిందువులు ఎక్కడ ఉన్నాయి, ఏ దిశలో ఉన్నాయి అనే వివరాలను యంత్రం సంఖ్యల పట్టికగా మారుస్తుంది. భాండాగారంలోని ముద్రతో ఈ పట్టికను పోల్చి, నిర్ణీత స్థాయికి మించి పొంతన కుదిరితే ‘అవును’ అని, లేకుంటే ‘కాదు’ అని సమాధానం వస్తుంది.

ఇందులో రెండు పర్యవసానాలు ఇమిడి ఉన్నాయి. మొదటిది, పొంతన ఎన్నడూ నూటికి నూరు శాతం ఉండదు. చర్మం తడి, పొడి, వేలు ఒత్తిన బలం, ఉంచిన కోణం ప్రతిసారీ మారుతుంటాయి కనుక కొంత తేడాను వ్యవస్థ అంగీకరించాలి. నాట్లు వేసి, కలుపు తీసి, కొడవలి పట్టి వేళ్ల గీతలు అరిగిపోయిన రైతులు, వ్యవసాయ కూలీలు, వృద్ధుల విషయంలో ముద్ర ఎన్నోసార్లు సరిపోదు. ‘మళ్లీ పెట్టండి’ అనే మాటకు వారు అలవాటుపడ్డారు. ఏ ప్రయత్నం విఫలమైందో, ఏది సఫలమైందో వారికి తెలియదు. నిజాయితీ లేని నిర్వాహకుడికి ఈ అలవాటే అవకాశం. ముద్ర సరిపోయి సొమ్ము ఖాతా నుంచి తరలిపోయినా, సరిపోలేదని చెప్పి పంపివేయవచ్చు.

రెండవ పర్యవసానం మరింత లోతైనది. సూక్ష్మబిందువుల పట్టిక గీతల అమరికను మాత్రమే చెబుతుంది. ఆ గీతలు బతికి ఉన్న చర్మంపై ఉన్నాయా, రబ్బరు ముక్కపై ఉన్నాయా అనేది చెప్పదు. 2002లో జపాన్‌లోని యోకొహామా జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన త్సుతోము మాత్సుమోతో బృందం, మిఠాయిల తయారీలో వాడే జెలటిన్‌తో కృత్రిమ వేళ్లు రూపొందించి, మార్కెట్లో లభించే 11 వేలిముద్ర పరికరాలపై పరీక్షించింది. ఆ పరికరాలు ఈ వేళ్లను అంగీకరించాయి. గాజుపై మిగిలిన ముద్ర నుంచి కూడా అటువంటి వేలిని తయారుచేయవచ్చని ఆ ప్రయోగం నిరూపించింది. అంటే ఆధార్ ఆవిర్భావానికి ఎనిమిదేళ్ల ముందే ఈ బలహీనత శాస్త్రలోకానికి తెలుసు.

లోపం బయటపడిన తీరు

2018లో తెలంగాణలో వెలుగుచూసిన ఒక కేసు పై చర్చను ప్రయోగశాల నుంచి పల్లెకు తీసుకువచ్చింది. సిమ్ కార్డుల విక్రేత ఒకడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉన్న భూమి దస్తావేజులను దించుకుని, వాటిపై ఉన్న వేలిముద్రల నుంచి రబ్బరు ప్రతులు తయారుచేశాడు. అవే దస్తావేజుల్లో ఆధార్ సంఖ్యలు కూడా ఉన్నాయి. ఆ ముద్రలతో అతడు వేల సంఖ్యలో సిమ్ కార్డులను ఇతరుల పేర్లపై క్రియాశీలం చేసినట్లు దర్యాప్తులో తేలింది. కేంద్ర భాండాగారంలోకి ఎవరూ చొరబడలేదు; ఏ సంకేత లిపినీ ఛేదించలేదు. రబ్బరు స్టాంపులు తయారుచేసే సాధారణ పరిజ్ఞానమే సరిపోయింది.

తరువాతి కాలంలో ఇదే పద్ధతి ఏఈపీఎస్ ఖాతాలపై ప్రయోగించబడింది. ఏఈపీఎస్‌లో సొమ్ము తీయడానికి మూడు అంశాలు చాలు: బ్యాంకు పేరు, ఆధార్ సంఖ్య, వేలిముద్ర. పిన్ అక్కరలేదు, ఓటీపీ అక్కరలేదు, ఫోను దగ్గర ఉండనక్కరలేదు. బ్యాంకు పేరు రహస్యం కాదు. ఆధార్ నకలు ఎన్నో కార్యాలయాల్లో ఇచ్చినదే. ఇక మిగిలిన ఏకైక రహస్యం వేలిముద్ర. అది దస్తావేజుపై ముద్రితమై ఉన్నప్పుడు, ముప్పై ఏళ్లు కష్టపడి ఒక ఎకరం కొన్న రైతు తన భూమికి రక్షణగా వేసిన ముద్రే తన ఖాతాకు ముప్పుగా మారుతుంది. ఒక్కో లావాదేవీకి గరిష్ఠ పరిమితి 10,000 రూపాయలు కావడం వల్ల నష్టం ఒక్కసారిగా భారీగా కనిపించకపోవచ్చు. కానీ పెట్టుబడి సొమ్ము మొత్తం ఆ ఖాతాలోనే ఉన్న సన్నకారు రైతుకు ఆ పది వేలు ఒక పంటకు విత్తనం, ఎరువు.

వేలిముద్రలు పోగొట్టుకోవడం కేవలం నిరక్షరాస్యుల సమస్య కాదు. 2015లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది నిర్వహణ కార్యాలయం నుంచి దాదాపు 56 లక్షల మంది వేలిముద్రల సమాచారం అపహరణకు గురైంది. సంకేతపదం పోతే ఒక్క నిమిషంలో మార్చుకోవచ్చు. ఆ 56 లక్షల మంది మాత్రం తమ వేళ్లను మార్చుకోలేరు.

సాంకేతిక సవరణలు

ఈ సమస్యకు దశలవారీగా పరిష్కారాలు వచ్చాయి. ఒక్కో పరిష్కారం దేన్ని అరికడుతుందో, దేన్ని అరికట్టలేదో విడివిడిగా తెలుసుకోవడం అవసరం.

మొదటిది నమోదిత పరికరాల విధానం. పూర్వం వేలిముద్ర పరికరం నుంచి వచ్చిన చిత్రాన్ని కంప్యూటరులో దాచుకుని, మనిషి లేనప్పుడు మళ్లీ పంపే వీలుండేది. 2017 నుంచి ప్రతి పరికరాన్ని విశిష్ట ప్రాధికార సంస్థ వ్యవస్థలో నమోదు చేసి, ముద్రను సంకేత లిపిలోకి మార్చి, డిజిటల్ సంతకంతో పంపడం తప్పనిసరైంది. ఎల్-0 స్థాయి పరికరాల్లో ఈ పని వాటికి అనుసంధానమైన కంప్యూటరు లేదా ఫోనులోని సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఎల్-1 స్థాయిలో పరికరం లోపలి సురక్షిత భాగంలోనే అది పూర్తవుతుంది కనుక మధ్యలో జోక్యానికి తావు తగ్గుతుంది. అయితే ఈ విధానం దాచిన చిత్రాన్ని అడ్డుకుంటుందే కాని, సెన్సర్‌పై నేరుగా పెట్టిన రబ్బరు వేలిని అడ్డుకోదు.

రెండవది సజీవత పరీక్ష. 2023 ఫిబ్రవరిలో విశిష్ట ప్రాధికార సంస్థ ఈ దిశగా ముఖ్యమైన మార్పు చేసింది. సూక్ష్మబిందువుల పట్టికతో పాటు వేలిముద్ర చిత్రాన్ని కూడా తీసుకుని, అది సజీవమైన వేలిదా, ప్రతిరూపమా అని కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్ పద్ధతులతో పరిశీలించే రెండంచెల విధానాన్ని ప్రవేశపెట్టింది. విత్తన శాస్త్రంతో పరిచయమున్నవారికి ఈ తేడా సులభంగా బోధపడుతుంది. గింజ ఆకారం, పరిమాణం, రంగు చూసి రకాన్ని గుర్తించవచ్చు. కానీ అది మొలకెత్తగలదో లేదో చెప్పలేము. అందుకు టెట్రాజోలియం పరీక్ష కావాలి. సజీవ కణజాలం ఎర్రబడుతుంది, మృత కణజాలం రంగు మారదు. సూక్ష్మబిందువుల పోలిక రకాన్ని గుర్తించడం వంటిది. చిత్ర విశ్లేషణ జీవశక్తిని పరీక్షించడం వంటిది. ఇంతకాలం మొదటి పరీక్షతోనే విత్తనానికి ధ్రువపత్రం ఇచ్చినట్లయింది.

మూడవది ముఖ ధ్రువీకరణ. 2023 జూన్‌లో పీఎం-కిసాన్ యాప్‌లో ఈ సౌకర్యం ప్రారంభమైంది. వేళ్ల గీతలు అరిగిన రైతులకు ఇది నిజమైన ఉపశమనం. అయితే వేలిముద్ర కంటే ముఖం మరింత బహిరంగమైనది. ప్రతి ఛాయాచిత్రంలోనూ అది ఉంటుంది. కనుక ముఖ ధ్రువీకరణ బలమంతా ఎదురుగా ఉన్నది మనిషా, బొమ్మా అని తేల్చే సజీవత పరీక్షపైనే ఆధారపడుతుంది. నకిలీ వీడియోల సృష్టి సులభమవుతున్న కొద్దీ ఈ పరీక్ష కూడా నిరంతరం మెరుగుపడవలసిందే. కొత్త పురుగుమందుకు కొన్నాళ్లకు నిరోధకశక్తి పెంచుకున్న పురుగు ఎదురైనట్లే, ప్రతి కొత్త పరీక్షకూ కొత్త మోసం ఎదురవుతుంది.

దీనికి భిన్నమైన మార్గం స్మార్ట్‌ఫోన్‌లో కనిపిస్తుంది. 2025 అక్టోబరులో యూపీఐ చెల్లింపులకు పిన్ బదులు ఫోనులోని వేలిముద్ర లేదా ముఖ గుర్తింపును వాడుకునే వీలు కలిగింది. అక్కడ వేలిముద్ర ఫోను దాటి పోదు. అది ఫోనులో దాగిన రహస్య సంకేతాన్ని మాత్రమే తెరుస్తుంది. బ్యాంకుకు వెళ్లేది ఆ సంకేతం ఇచ్చిన సంతకమే. ముద్రను ఎవరైనా నకలు చేసినా ఆ ఫోను చేతిలో లేనిదే ప్రయోజనం లేదు. ఫోను పోతే ఆ సంకేతాన్ని రద్దు చేయవచ్చు. భద్రతా శాస్త్రంలో గుర్తింపునకు మూడు ఆధారాలు చెబుతారు: మనిషికి తెలిసినది, మనిషి దగ్గర ఉన్నది, మనిషి తానే అయినది. ఫోను చెల్లింపులో వీటిలో రెండు కలుస్తాయి. ఏఈపీఎస్‌లో ఒక్కటే ఉంది. స్మార్ట్‌ఫోన్ లేని నిరుపేద రైతుకే ఒంటి తాళం మిగిలిందన్నది ఇక్కడి విషాదం.

చట్టం, నియంత్రణ

2016 నాటి ఆధార్ చట్టంలోని 29వ సెక్షన్ ప్రకారం మౌలిక బయోమెట్రిక్ సమాచారాన్ని ఏ కారణంతోనైనా ఎవరితోనూ పంచుకోరాదు. ఆధార్ సంఖ్యలను బహిరంగంగా ప్రచురించడాన్నీ అదే సెక్షన్ పరిమితం చేస్తుంది. రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజుపై వేలిముద్ర వేయమంటుంది. ఆధార్ చట్టం బయోమెట్రిక్ రహస్యమంటుంది. రెండు చట్టాలూ తమ తమ పరిధుల్లో సరైనవే. కాగితపు దస్తావేజు వెబ్‌సైటుకు ఎక్కిన రోజున అవి ఒకదానినొకటి ఢీకొన్నాయి. వెబ్‌సైట్లలోని దస్తావేజుల్లో వేలిముద్రలను కనబడకుండా కప్పివేయాలని కేంద్రం రాష్ట్రాలకు సూచించింది ఈ కారణంగానే.

సొమ్ము చెల్లించే నిర్వాహకులపై నియంత్రణ ఆలస్యంగా వచ్చింది. 2025 జూన్ 27న భారతీయ రిజర్వు బ్యాంకు ఏఈపీఎస్ నిర్వాహకుల విషయంలో బ్యాంకులు తీసుకోవలసిన జాగ్రత్తలపై ఆదేశాలు జారీచేసి, 2026 జనవరి 1 నుంచి వాటిని వర్తింపజేసింది. నిర్వాహకుడిని చేర్చుకునే ముందు అతని వివరాలను నిర్ధారించుకోవాలి. వరుసగా మూడు నెలలు లావాదేవీలు లేకపోతే తిరిగి అనుమతించే ముందు మళ్లీ ధ్రువీకరించాలి. అతని లావాదేవీల తీరును నిరంతరం గమనిస్తుండాలి.

వ్యక్తిగత సమాచారమంతటికీ వర్తించే డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో ఆమోదం పొందింది. దాని నియమావళి 2025 నవంబరులో ప్రకటితమైంది. ప్రధాన బాధ్యతలు ప్రకటన తరువాత 18 నెలలకు అమలులోకి వస్తాయి. ఏ సమాచారం, ఏ ప్రయోజనానికి సేకరిస్తున్నారో ముందుగా తెలియజేయాలి; ఎనిమిదో షెడ్యూలు భాషల్లో, అంటే తెలుగులో కూడా, దానిని చదువుకునే అవకాశం ఇవ్వాలి. భద్రతా చర్యల్లో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. పరిశోధన, గణాంక ప్రయోజనాలకు చట్టం కొంత మినహాయింపు ఇచ్చింది. అయితే ఆ సమాచారాన్ని సదరు వ్యక్తి గురించి నిర్ణయం తీసుకోవడానికి వాడరాదు. నిర్దేశిత ప్రమాణాలను పాటించాలి. విశ్వవిద్యాలయాల్లోని పరిశోధకులు ఈ షరతులను గుర్తుంచుకోవాలి. మినహాయింపు అంటే నిర్లక్ష్యానికి అనుమతి కాదు.

రైతుల నమోదు: విస్తరణ సిబ్బంది ముందున్న బాధ్యత

2024 సెప్టెంబరు 2న కేంద్ర మంత్రివర్గం 2,817 కోట్ల రూపాయల వ్యయంతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. అందులో భాగమైన అగ్రిస్టాక్‌కు మూడు మూలస్తంభాలు: రైతుల రిజిస్ట్రీ, భౌగోళిక సూచికలతో కూడిన గ్రామ పటాలు, సాగైన పంటల రిజిస్ట్రీ. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రాల ద్వారా, తెలంగాణలో 2025 మే నుంచి వ్యవసాయ విస్తరణ అధికారుల ద్వారా రైతుల నమోదు చేపట్టారు. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, ఫోను సంఖ్య, ఓటీపీ ఈ నమోదులో ఒకేచోట కలుస్తాయి. ఇంతకుముందు రెవెన్యూ, బ్యాంకు, వ్యవసాయ కార్యాలయాల్లో విడివిడిగా ఉన్న వివరాలు ఇప్పుడు విస్తరణ అధికారి చేతిలోని ట్యాబ్ ముందు ఒక్కచోట చేరుతున్నాయి. అందువల్ల ఆ బల్ల దగ్గర చూపే జాగ్రత్తే రైతు భద్రతకు తొలి కంచె.

క్షేత్రస్థాయిలో పాటించదగిన పద్ధతులు ఇవి:

1. అవసరానికి మించి సేకరించరాదు. పంట దిగుబడిపై సర్వేకు ఆధార్ సంఖ్య అక్కరలేదు. శిక్షణ శిబిరం హాజరు పట్టీలో ఆధార్ గడి ఉండవలసిన పని లేదు. సేకరించని సమాచారాన్ని ఎవరూ దొంగిలించలేరు.

2. ఆధార్ నకలు తప్పనిసరైనచోట మొదటి ఎనిమిది అంకెలు కనబడని ముసుగు ఆధార్‌ను కోరాలి. ఆమోదించే సేవల్లో 16 అంకెల వర్చువల్ ఐడీని ఆధార్ సంఖ్యకు బదులుగా వాడవచ్చు. దానిని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

3. పాసుపుస్తకం, ఆధార్ చిత్రాలను సిబ్బంది సొంత ఫోన్లలో తీయడం, వాట్సాప్ బృందాల్లో పంపడం మానాలి. ఒక్కసారి బృందంలో చేరిన చిత్రం ఎన్ని ఫోన్లలో నిలిచిపోతుందో ఎవరి అదుపులోనూ ఉండదు.

4. ఏ పని కోసం వేలు ఉంచమంటున్నారో, ఓటీపీ ఎందుకు అడుగుతున్నారో రైతుకు ప్రతిసారీ నోటితో చెప్పాలి. ముద్ర సరిపోకపోతే తెరను అతని వైపు తిప్పి చూపాలి. అడిగి తెలుసుకోవడం తన హక్కు అని రైతు ఇక్కడ నేర్చుకుంటే, బ్యాంకు మిత్ర వద్ద కూడా అడుగుతాడు. రసీదు లేనిదే కదలడు.

5. పరిశోధక విద్యార్థులు సర్వే పత్రాల్లో రైతు పేరుకు బదులు సంకేత సంఖ్య వాడాలి. పేర్లను, సంకేత సంఖ్యలను కలిపే పట్టికను విడిగా, సంకేతపదంతో భద్రపరచాలి. సిద్ధాంత వ్యాసం ఆమోదం పొందాక ఇక అక్కరలేని వ్యక్తిగత వివరాలను తొలగించాలి.

6. పథకాల పేరుతో ఫోనుకు వచ్చే ఏపీకే ఫైళ్లను తెరవవద్దని రైతులకు చెప్పాలి. అటువంటి ఫైలు ఫోనులో చేరితే ఓటీపీ సందేశాలు కూడా మోసగాళ్లకు చేరతాయి. ఏ అధికారిక సమాచారాన్నీ ఆ రూపంలో పంపని క్రమశిక్షణ సిబ్బంది కూడా పాటించాలి.

బయోమెట్రిక్ తాళం: మేలు, పరిమితి

ఆధార్ సంఖ్యదారు తన వేలిముద్ర, కంటిపాప, ముఖ ధ్రువీకరణలకు తానే తాళం వేసుకునే సౌకర్యం విశిష్ట ప్రాధికార సంస్థ కల్పించింది. తాళం వేసి ఉన్నంతకాలం నకిలీ వేలితో కూడా లావాదేవీ జరగదు. అవసరమైనప్పుడు ఓటీపీతో తాత్కాలికంగా తెరుచుకోవచ్చు. గత ఆరు నెలల్లో తన ఆధార్ ఎప్పుడు వాడబడిందో తెలిపే ధ్రువీకరణ చరిత్రను కూడా చూడవచ్చు.

అయితే ఈ సలహాను అందరికీ ఒకేలా ఇవ్వడం, నేల పరీక్ష చేయకుండా ఎరువుల మోతాదు సిఫారసు చేయడం వంటిది. తాళం వేసుకున్న వ్యక్తికి రేషను, ఎరువుల దుకాణాల్లోనూ వేలిముద్ర పనిచేయదు. తెరుచుకోవడానికి ఆధార్‌తో అనుసంధానమైన ఫోను సంఖ్య కావాలి. ఆ సంఖ్య ఎప్పుడో మారిపోయిన వృద్ధుడికి తాళం వేయించి పంపితే మరుసటి నెల బియ్యం అందని పరిస్థితి ఏర్పడుతుంది. కనుక ముందుగా ఫోను సంఖ్యను సరిచేయించాలి. ఫోను వాడకం తెలిసిన కుటుంబాలకు తాళాన్ని సూచించాలి. తెలియనివారి విషయంలో పెద్ద మొత్తాన్ని ఆధార్ అనుసంధానం లేని వేరొక ఖాతాలో ఉంచుకోవడం, ఏఈపీఎస్ సేవ అక్కరలేకపోతే బ్యాంకులో నిలిపివేయించమని కోరడం మేలు.

నష్టం జరిగినప్పుడు

కాలయాపన ఇక్కడ ప్రధాన శత్రువు. జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి వెంటనే ఫోను చేయాలి; బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవాలి. బ్యాంకుదీ ఖాతాదారుదీ తప్పు లేకుండా మూడో పక్షం వల్ల జరిగిన అనధికార లావాదేవీని, సమాచారం అందిన తరువాత మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే ఖాతాదారుపై నష్టభారం ఉండదని రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి ఉత్తర్వు స్పష్టం చేసింది. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలియజేస్తే పరిమిత బాధ్యత ఉంటుంది. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లోగా బ్యాంకు ఆ సొమ్మును తాత్కాలికంగా ఖాతాలో జమచేయాలి.

ఈ రక్షణ ఫలించాలంటే నష్టం జరిగిన సంగతి రైతుకు తెలియాలి. ఫోను సంఖ్య అనుసంధానం లేని ఖాతాకు సందేశం రాదు. పాసుపుస్తకంలో నమోదు చేయించుకునే వరకు సొమ్ము పోయిన సంగతే తెలియదు. కనుక రైతు సమావేశాల్లో వాతావరణ సూచనలు, చీడపీడల హెచ్చరికలతో పాటు ‘నెలకొకసారి పాసుపుస్తకం ముద్రింపజేసుకోండి, బ్యాంకులో మీ ఫోను సంఖ్య సరిగా ఉందో లేదో చూసుకోండి’ అనే ఒక్క వాక్యాన్ని చేర్చడం ఖర్చులేని సస్యరక్షణ వంటిది.

ముగింపు

వేలిముద్ర శత్రువు కాదు. దానికి అప్పగించిన రెండు పరస్పర విరుద్ధమైన పాత్రలే సమస్య. సాక్ష్యంగా అది అందరికీ కనబడాలి. తాళంచెవిగా ఎవరికీ కనబడకూడదు. సజీవత పరీక్ష ఈ వైరుధ్యపు తీవ్రతను తగ్గించిందే కాని తొలగించలేదు. చెల్లింపులో రెండవ ఆధారం చేరే వరకు ఆ వైరుధ్యం మిగిలే ఉంటుంది. స్మార్ట్‌ఫోన్ లేని రైతుకు కూడా అందుబాటులో ఉండే రెండవ ఆధారం ఏమిటన్నది కంప్యూటర్ శాస్త్రవేత్తలు, విస్తరణ శాస్త్రవేత్తలు కలిసి పరిశోధించవలసిన అంశం.

ఒకే మందుపై ఆధారపడరాదని, సాగు పద్ధతులు, జీవ నియంత్రణ, నిఘా కలిసినప్పుడే పంట నిలుస్తుందని విస్తరణ శాస్త్రవేత్తలు రైతుకు దశాబ్దాలుగా బోధిస్తున్నారు. సమగ్ర సస్యరక్షణలోని ఈ సూత్రమే డిజిటల్ భద్రతకూ వర్తిస్తుంది. పరికరం, చట్టం, బ్యాంకు తమ వంతు పని చేసినప్పటికీ, నమోదు బల్ల వద్ద రైతు ఎవరి మాట నమ్మి వేలు ఉంచుతున్నాడో ఆ వ్యక్తి జాగ్రత్తకు ప్రత్యామ్నాయం లేదు. విత్తన సలహా విషయంలో రైతు తమపై ఉంచిన నమ్మకాన్ని ఎంత బాధ్యతగా భావిస్తారో, అతని వేలిముద్రనూ అంతే బాధ్యతగా కాపాడటం నేటి విస్తరణ వృత్తిలో భాగమైంది.